నిన్నటి ధర

గ్రిమ్స్‌బీలో పొద్దున్నే ఆరింటికి
మావిస్ థర్కెటిల్ పలక తుడుస్తుంది.
తడిగుడ్డ ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా,
ఆ తర్వాత సుద్దముక్కతో: హాడాక్, కిలో పదహారు.
వేలంలో పలికిన రేటు,
దాని మీద కొట్టు అద్దె, ఐసు ఖర్చు,
మిగిలితే ఆమె కూలి.

అదే అంకెని నేను వెబ్‌సైట్లో మారుస్తాను
మంచం దిగకుండానే, కాఫీ చల్లారేలోపు.

అయినా పదిన్నరకి ఎవరో ఒకరు
ఫోను ఆమె ముక్కు దాకా చాచి
"ఇక్కడ పద్నాలుగనే ఉందే" అంటారు.
ఉంటుంది. సెర్చింజను దాచుకున్న నకలు అది,
మంగళవారం నాటిది.
పాత చింతకాయ పచ్చడి మీదే దానికి మోజు.
"మూడ్రోజులు దాస్తే చేప కంపు కొడుతుందని
దానికెవరూ చెప్పలేదా?" అంది మావిస్,
మొప్ప ఎత్తి ఎరుపు చూపిస్తూ,
నేనే ఆ ఇంజన్నయినట్టు.

రాత్రి కూర్చుని
పేజీ నెత్తిన ఒక్క మాట రాశాను, నోఆర్కైవ్.
చదువుకో, పది మందికీ చెప్పు,
మూట కట్టుకుపోకు, అని.

మర్నాడు కొట్టు కట్టేసే వేళ చెప్పాను.
"తాళమా?"
కాదు. గుమ్మానికి అంటించిన చీటీ.
మర్యాద తెలిసినవాళ్ళు వింటారు.
"తెలియనివాళ్ళో?"
నేను ఐసు వంక చూశాను.
ఉన్న నకలు కూడా ఇవాళే పోదు మావిస్,
మర్చిపొమ్మన్న సంగతి చదవడానికైనా
అది మళ్ళీ ఒకసారి రావాలి.
"అచ్చం మా ఆడపడుచే" అంది.

(నేనూ ఒకప్పుడు ఒక పేజీ తీసేశాను.
తీసేశాననే అనుకున్నాను.)

అంతలో వచ్చాడు క్లిఫ్, ట్రాలర్ల మీద ముసలైనవాడు.
"డెబ్బై మూడులో ఇదే చేప ఎంతో తెలుసా?"
ఇతనికి అంటించే చీటీ ఏదైనా ఉందా
అన్నట్టు మావిస్ నా వైపు చూసింది.
అతనికి రెండు తోకలు ఎక్కువేసి పొట్లం కట్టింది.

షట్టరు సగం దించింది. పలక తుడిచింది.
లైటు ఏటవాలుగా పడ్డచోట
పదహారు కింద పద్నాలుగు కనిపించింది,
దాని కింద పన్నెండో, పదకొండో,
అన్నిటికీ అడుగున
ఇంకెవరిదో చేతిరాత,
తొమ్మిది తోక పొడుగ్గా లాగి రాసేవాళ్ళది.

ఎవరిదని నేనడగలేదు.
ఆమె గుడ్డ పిండి కొక్కేనికి తగిలించింది.