రెక్క మొదట్లో

పొద్దున్న అయిదుంబావు. జయపురం రన్‌వే మీద
మంచు ఇంకా లేవలేదు.
రాత్రి వచ్చిన ఆదేశం నా చొక్కా జేబులో, నాలుగు మడతలు.
ఈ రకం విమానాలన్నిటికీ
రెక్కని ఒంటికి కలిపే బిగింపు దగ్గర
మళ్ళీ ఎగిరేలోపు చూడాలి.
'చూడాలి' కింద గీత ఉంది.
'వీలైతే' అన్న మాట ఎక్కడా లేదు. వెతికాను.

తొమ్మిది సీట్లు. ఎనిమిదిమంది వచ్చేశారు.
విశాఖలో పదింటికి గుండె డాక్టరుకి పేరు రాయించుకున్న
కాగితం మిల్లు మాజీ గుమస్తా లింగరాజు పాత్రో.
ఒళ్ళో అల్లం బుట్టతో, పట్నంలో కూతురి పురిటికి వెళ్తున్న పెద్దావిడ.
అద్దానికి ముక్కు ఆనించి
రెక్కలు రెండేనా అని పదేపదే లెక్కపెడుతున్న కుర్రాడు.

నిచ్చెనెక్కాను.
నూనె తుడిచి, ద్రావకంతో కడిగి, ఆరబెట్టి
ఎర్ర రంగు కొట్టాను.
ఇక పదిహేను నిమిషాలు ఏమీ చెయ్యకూడదు.
ఈ ఉద్యోగంలో కష్టమైన పని అదే,
రంగుకి తోవ దొరికేదాకా చేతులు కట్టుకుని నిలబడటం.
"ఆఉ కేతే డేరి, ఆజ్ఞా?" కింద నుంచి మేనేజరు.
సుకాంతి ఖొరా మాట్లాడకుండా
చేతి గడియారం ఆయన వైపు తిప్పింది.

నాకు పని నేర్పిన బరంపురం బిసోయిగారు అనేవారు:
పగులు దొరకాలని చూడకు,
దొరకకూడదనీ చూడకు.
రెండోదే కష్టం, కింద జనం ఉంటారు కనక.

రంగు తుడిచాను. తెల్ల పొడి చిమ్మాను.
ముప్ఫయ్యేడు సార్లు ఆ తెలుపు తెలుపుగానే ఉండిపోయింది.
ముప్ఫయ్యేడు సార్లు 'పగులు లేదు' అని రాశాను.
ఆ పేజీలు ఎవరూ చదవరు.
వాటి మీద కూర్చునే జనం విశాఖ వెళ్ళారు,
భోంచేశారు, చీరల కొట్లో బేరమాడారు,
సీటు ఇరుగ్గా ఉందని తిట్టుకుంటూ తిరిగొచ్చారు.

ఇవాళ
రెండో బోల్టు రంధ్రం అంచున, ముందు దోమ కాలంత.
తర్వాత ఎర్ర దారప్పోగంత.
గుడ్డ పోగేమో అనుకున్నాను. అనుకోవాలనిపించింది.
అంతా కడిగి మళ్ళీ మొదలుపెట్టాను,
మళ్ళీ పదిహేను నిమిషాలు,
మళ్ళీ అక్కడే, మళ్ళీ అంతే.

లాగ్‌బుక్కులో 'పగులు' అని రాశాక
అలవాటు కొద్దీ 'లే' దిద్దబోయి
కలం ఆగింది.

పాత్రోగారు అరిచారు, "గోటిలో సగం గీతకా?"
జవాబు చెప్పలేదు. ఆయనకి టాక్సీ మాట్లాడారు.
సుంకి ఘాటీ మీదుగా సాలూరు, అక్కణ్ణుంచి ఇంకా బోలెడు దూరం,
పదింటి డాక్టరు పదింటికి దొరకడు.
ఆ మలుపులకి నిచ్చెన వేసి చూసేవాళ్ళు లేరు,
ఆ టాక్సీ బ్రేకుల మీద ఎవరి సంతకమూ లేదు.
రెక్క కింద నుంచి తప్పించి
నేనే ఆయన్ని ఆ రోడ్డు మీదకి పంపాను.
ఇది ఏ కాలమ్‌లో రాయాలో ఫారంలో లేదు.

అల్లం ఆవిడ మాత్రం బస్సుకి వెళ్ళబోతూ ఆగింది.
బుట్టలోంచి ఒక కొమ్ము తీసి నా చేతిలో పెట్టింది.
"దీని కడుపులో ఏముందో ఇరిస్తేగానీ తెలీదు బాబూ.
నీది ఇరక్కముందే తెలిసింది కదా."

మధ్యాహ్నం దాకా ఫోను చూస్తూనే ఉన్నాను.
రెండింటికి ఆయన కొడుకు రెండే మాటలు పంపాడు: చేరాం. క్యూలో.

విమానం రెక్కకి ఎర్ర చీటీ కట్టి హంగారులోకి నెట్టాం.
సుకాంతి అల్లం దంచి టీ పెట్టింది.
గ్లాసు పట్టుకున్న నా వేలి గోటి సందున
రంగు ఇంకా పోలేదు,
సబ్బుతో రెండుసార్లు రుద్దినా,
సన్నగా, ఆ గీత పొడవే.