ఒకే గెడ్డ

కాశీనగర్‌లో మా ట్యూషన్
రైసుమిల్లు వసారాలో, ఊక బస్తాల పక్కన.
సాయంత్రం ఆరింటికి కరెంటు పోతుంది,
ఆరున్నరకి ఇంగ్లీషు వస్తుంది.

పదకొండు మంది పిల్లలు, మూడు భాషల గోల.
అప్పలకొండ తెలుగులో తిడితే
బిజయ్ ఒడియాలో ఏడుస్తాడు.
ఇసాయి గొమాంగో ఏ భాషలోనూ బదులివ్వడు,
పెన్సిల్ కొరుకుతాడు.

ఓ రోజు ఊక కింద ఏదో కదిలింది.
"పందికొక్కు!" అని లేచిపోయారంతా.
"దీన్ని ఇంగ్లీషులో ఏటంటారు మేష్టారూ?"
బండికూట్ అన్నాను.
నవ్వు ఆగితేనా!
మన కొక్కే, మన వడ్లు మేసిన దొంగదే,
ఎప్పుడో ఓడెక్కి పోయి
కోటు తొడుక్కుని తిరిగొచ్చింది.
"అయితే ఆళ్లు మనకి బాకీ ఉన్నారన్నమాట"
అప్పలకొండ అప్పుడే పద్దు రాసేసుకుంది.

విండో దగ్గర ఒక వారం ఆగిపోయాం.
ఎక్కడో చలిదేశపు పడవవాళ్లు
ఇంటికి కన్నం పెట్టుకుని
గాలి కన్ను అని పిలుచుకున్నారట.
మనవాళ్లు అదే కన్నాన్ని చూసి
ఆవు కన్నన్నారు, గవాక్షం.
ఎవరి గుమ్మంలో ఏది నిలబడితే అది.
"మీ సవరలో ఏమంటార్రా?" అడిగాను ఇసాయిని.
"మా అవ్వ ఇంటికి కిటికీ లేదు సార్."
ఆ తర్వాత చాలాసేపు
పెన్సిల్ కొరికింది నేను.

నిన్న కొర్ల పరదేశి వచ్చాడు, అర్జీ రాయమని.
మదుం పలక ఎత్తేసి రాత్రికి రాత్రి
నీళ్లు మళ్లించేసుకున్నాడట దండపాణి బిసోయి.
పొద్దుగూకే వేళకి బిసోయే వచ్చాడు.
అదే మదుం, అదే రాత్రి,
దొంగ మాత్రం మారాడు.

సబ్ కలెక్టరు గారికి ఇంగ్లీషులోనే పోవాలి.
పరదేశి కాగితంలో రైవల్ అని రాశాను, చకచకా.
బిసోయి కాగితంలో అదే మాట రాయబోయి
కలం ఆగింది.

ఆ మాట పొట్ట కోస్తే ఒక ఏరుంటుంది.
పాత రోము పొలాల్లో
ఒకే కాలవలో కడవ ముంచేవాళ్లకి
అది పేరట, మొదట్లో.
తగువు తర్వాత చేరింది,
కాలవడుగున ఒండ్రు చేరినట్టు.

చెబుదామనిపించింది.
ఒడియాలో మొదలెట్టి, సగంలో తెలుగులోకి జారి
"ఒకే గెడ్డవాళ్లు అని అర్థం" అన్నాను.
"ఆఁ, ఆ గెడ్డ గురించే, గట్టిగా రాయండి"
బీడీ చెవి మీద పెట్టుకుంటూ అన్నాడు.

రాశాను. మడిచి ఇచ్చాను.
ముప్ఫై అంటే
ఇరవై చేతిలో పెట్టాడు,
తడి నోటు, మట్టి వాసన.
పొద్దున పరదేశి ఇచ్చిందీ ఇరవయ్యే.