మెట్ల కింద బల్ల

పదో తరగతి పరీక్షలు జరిగినన్నాళ్లూ
నా డ్యూటీ ఏటుకూరు రోడ్డు బడిలో,
మెట్ల కింద బల్ల దగ్గర.
రెండు డజన్ల ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక థర్మామీటరు,
బీపీ మిషను, దూది,
గళ్లు గీసిన ఒక రిజిస్టరు.

తొమ్మిదికే ఎండ గోడ దిగి వస్తుంది.
యార్డు వైపు నుంచి గాలి మళ్లితే చాలు
గుంటూరు సగం ఒకేసారి తుమ్ముతుంది.
పిల్లలకి అదెంత సాయమో!
గేటు దగ్గర కళ్లు తుడుచుకునేవాళ్లెవరూ
ఏడ్చినట్టు కాదు,
మిరపఘాటు, అంతే.

నా దగ్గరికొచ్చే అందరిదీ ఒకటే మాట:
"మేడం, కడుపునొప్పి."
ఎక్కడంటే బొడ్డు చుట్టూ చెయ్యి తిప్పుతారు,
పోయిన వస్తువు ఎక్కడ పడిందో తెలియనట్టు.
నొక్కి చూస్తాను. మెత్తగానే ఉంటుంది.
జ్వరం లేదు. నాలుక బాగుంది.
నాడి మాత్రం నూట ఇరవై.
బల్ల మీది చెయ్యి కదలదు,
లోపల ఎవరో పరుగెడుతుంటారు.

నిన్న ఒకాయన గేటు ఊచల్లోంచి చెయ్యి చాపి
"మావాడికి ధైర్యానికి ఏదైనా బిళ్ల ఉంటే వెయ్యండమ్మా" అన్నాడు.
ఆయన చెయ్యే వణుకుతోంది.

లెక్కల పరీక్ష రోజు నఫీసా వచ్చింది.
అరచేతులు రెండూ తడి.
చేతి మీద రాసుకున్న హాల్ టికెట్ నంబరులో
చివరి రెండంకెలు నీలంగా కరిగిపోయాయి.
"నంబరు పోయింది మేడం" అంది,
పేరే పోయినట్టు.
హాల్ టికెట్ తన అట్టకే ఉంది, క్లిప్పు కింద.
చూపించాను. చూసింది. నమ్మలేదు.

"రాత్రి అన్నీ వచ్చినయ్ మేడం.
పొద్దున ఇడ్లీ తింటుంటే మా అబ్బాజాన్ అన్నాడు,
నువ్వేం భయపడబాక, మా ఆశంతా నీ మీదే అని.
అప్పట్నుంచి ఒక్క సూత్రం గుర్తు రావట్లా."

ఇడ్లీ ముక్క ఎక్కడ ఆగిందో అర్థమైంది.
దానికి మందు నా డబ్బాలో లేదు.

నీళ్లు కలిపి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి
ఉన్నట్టుండి అడిగింది:
"మీకెన్నొచ్చాయి మేడం, లెక్కల్లో?"

పాతికేళ్లుగా నన్నెవరూ అడగని ప్రశ్న.
టీకాలు వేయించుకున్నవాళ్లు అడగలేదు,
పురుళ్లు పోయించుకున్నవాళ్లు అడగలేదు.

"ఇరవై ఎనిమిది" అన్నాను.
"సెప్టెంబరులో మళ్లీ రాశా. ముప్పై ఏడు."
"మరి... ఇంట్లో?"
"మా నాన్న రెండు రోజులు మాట్లాడలా.
మూడో రోజు గేదె ఈనింది, దూడ అడ్డం తిరిగి.
కాళ్లు పట్టి లాగడానికి నన్నే పిలిచాడు."

"దూడ బతికిందా?"
"పెయ్యదూడ. బతికింది."

నవ్వింది. పూర్తిగా కాదు, ఒక పక్కనే.
నాడి చూశాను. నూట నాలుగు.
టైము తొమ్మిది ఇరవై రెండు.
గోడ పట్టుకుని మెట్లెక్కింది, సగం దాకా.
ఆ పైన గోడ వదిలేసింది.

రిజిస్టరులో 'వ్యాధి' అని ఒక గడి ఉంది.
భయం అని రాస్తే పైవాళ్లు ఒప్పుకోరు.
పోయినేడు రాస్తే కొట్టేసి
ఎర్ర సిరాతో అజీర్తి అని దిద్దారు.
ఈసారి నేనే అజీర్తి అని రాశాను.
అబద్ధమేం కాదు,
అరగనిదొకటి ఉంది కదా.

ఆ రాత్రి ఇంట్లో
మావాడు అభిషిక్త్, ఎనిమిదో తరగతి,
పుస్తకం ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.
ప్రతి ఆదివారం పొద్దుగూకితే వాడికి తలనొప్పి.
ప్రతి సోమవారం వాడికి టెస్టు.
రెండేళ్లుగా అరబిళ్ల వేసి పడుకోబెడుతున్నాను,
నర్సునై ఉండి,
ఈ రెండు వారాల పేర్లూ పక్కపక్కన పెట్టి చూడకుండా.

అన్నం పెట్టబోతూ వాడి మణికట్టు పట్టుకున్నాను.
"జ్వరమా అమ్మా?"
"కాదు. ఊరికే."
గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను.
నిమిషం నిండకముందే
ఎక్కడో లెక్క తప్పాను.