నెలో, నేలో

గుణుపురం పాసింజరులో టీ అమ్మే కుర్రాడి చేత
ఎనభై ఆరు పేజీలు పంపాను,
తడవకుండా ఎరువుల సంచిలో చుట్టి,
పైన "దైతారి మహరణా, బ్యాండు మాస్టారు" అని రాసి.

పదహారో రోజున పర్లాకిమిడి తిరిగొచ్చింది,
అదే సంచిలో, అదే తాడుతో.
లోపల పేజీ పేజీకీ పెన్సిలు,
మడతల్లో కొమ్ము పొడి.
కటకం పోలీసు బ్యాండులో ముప్ఫై ఏళ్లు క్లారినెట్ ఊది
ఇంటికొచ్చి తాతల పనిలోనే కూర్చున్నాడాయన,
గేదె కొమ్ముని ఆకురాయితో అరగదీసి
దువ్వెనలు చేసుకుంటూ.
చెవులు రెండూ పోయాయి, అందుకే ఫోను లేదు.
కాగితం మీద మాత్రం పిట్ట వాలినా వింటాడు.

తెలుగు మాట్లాడతాడు గానీ రాయడం రాదు.
తెలుగు మాటల్నే ఒడియా అక్షరాల్లో పెడతాడు.
కంటితో చదివితే నాకు అందదు,
ఒక్కో గుండ్రాన్నీ కూడబలుక్కుని పైకి అనాలి.
అలా నా కన్చెర్టోకి పడిన చీవాట్లన్నీ
నా గొంతుతోనే విన్నాను,
పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా.

"ఫ్లూటోడికి ఊపిరెక్కడెట్టినావు? ఆడు మనిసి గాదా?"
లెక్కపెట్టాను. పదకొండు బార్ల పొడవునా ఎక్కడా ఆగలేదు.
నిజమే, చచ్చిపోతాడు.

"ఈ గమకం ఇజీనారంలో నేర్సుకున్నావు, తెలస్తంది.
నీ ఎనకాల నలభైమంది నిలబడున్నారు,
అంతసేపూ ఆళ్లేటి సెయ్యాల?"

"ఇక్కడ నీ వయొలిన్ ఏడవట్నేదు.
ఏడుస్తన్నట్టు సూపిస్తంది."

అన్నం మాడింది.

మహేంద్రతనయ వంతెన దాకా నడిచాను.
పోలీసు కవాతులు ఊదినవాడికి
కన్చెర్టో ఏం తెలుసు అని గట్టిగానే అన్నాను.
కింద బట్టలుతుకుతున్నామె తలెత్తి చూసింది.
మరి ఇంకెవరికి పంపేదాన్ని?
ఐదు గీతల మీద రాసింది చదవగలిగినవాళ్లు
ఈ చుట్టుపక్కల మేమిద్దరమే.

చివరి పేజీ అడుగున ఒకటే ముక్క.
దీనికి నెల సాలదు.
లేకపోతే, దీనికి నేల సాలదు.
ఒడియాలో ఎకారానికి పొట్టీ పొడుగూ లేవు.
నెల అయితే, తొందరపడ్డావు పిల్లా, ఇంకొన్నాళ్లు ఉంచు అని.
నేల అయితే, అంతా పైపైన ఎగురుతోంది,
కాలు ఆనడానికి కింద చోటు లేదు అని.
మొదటిది ఓర్చుకోగలను.
మూడు రాత్రులు అటూ ఇటూ దొర్లి
చివరికి కార్డు రాసి అడిగాను.
అదే మాట, అవే అక్షరాలు,
కింద రెండు గీతలు కొట్టి పంపాడు.

రెండో భాగంలో ఒకచోట అందరూ ఆగిపోతారు.
డబుల్ బాస్ ఒక్కటే ఉంటుంది,
పాత చిన్న రైలు మలుపు తిరిగి వెళ్లిపోయాక కూడా
పట్టాలు కాసేపు గుయ్యిమన్నట్టు.
ఆ పట్టాలు పీకేసిన ఏడాదే
నేను మొదటిసారి కమాను పట్టుకున్నాను.
ఆయన అడ్డంగా గీత కొట్టాడు. "అక్కర్నేదు."

నేనూ పెన్సిలు తీశాను.
నాకొచ్చిన కాస్త ఒడియా లిపిలో
"ఇది తియ్యను" అని రాసి
మొత్తం మళ్లీ సంచిలో చుట్టాను.

తిరిగొచ్చింది.
నా రెండు మాటల్లో మూడు తప్పులు దిద్దాడు.
మాట జోలికి పోలేదు.
సంచి అడుగున చిన్న కొమ్ము ముక్క, మూడు పళ్లతో.
దువ్వెన విరిగి పడిందేమో అనుకున్నాను.
వెలుతురుకి పట్టి చూస్తే
తేనెరంగులోంచి నా వేలు కనిపించింది.
వయొలిన్ గుర్రం మీద పెడితే కదలకుండా కూర్చుంది.
మ్యూట్.
నా వయొలిన్‌ని ఆయన ఏనాడూ ముట్టుకోలేదు,
కొలత ఎక్కడిదో.

ఇవాళ్టికి ఇరవై రెండో రోజు.
సెల్లోల కింద ఇంకో వరస రాస్తున్నాను.
ఫ్లూటోడు
ఇప్పుడే ఊపిరి పీల్చుకున్నాడు.