తీసేయవలసిన పేజీలు

మంగళవారం ప్రెస్టన్.
వింక్లీ స్క్వేర్‌లో మూడు ఆఫీసులు,
బుధవారం బ్లాక్‌బర్న్‌లో రెండు.
నా సంచిలో ఒక స్కేలు, ఉన్ని తొడుగులు,
అంటుకుపోయిన కాగితాలు విడదీయడానికి
తడి స్పాంజి డబ్బీ.
నేను లాయర్ని కాను.
లాయర్ల అలమరాలో ఉన్న చట్టం బతికుందో లేదో
నెలకోసారి నాడి పట్టి చూసే మనిషిని.

పని, చెప్పుకుంటే చిన్నది.
లండన్ నుంచి కవరొస్తుంది. పైన ఒక పసుపు కాగితం:
'రెండు వందల పదకొండు నుంచి పద్దెనిమిది దాకా తీసేయండి.
రెండు వందల పదకొండు నుంచి ఇరవై రెండు దాకా పెట్టండి.'
ఎందుకో చెప్పదు.
బైండరు ఇనప రింగులు టక్కున నోరు తెరుస్తాయి.
పాతవి లాగి, కొత్తవి గుచ్చి, మూసేస్తాను.
చిల్లు పొడిచి గుచ్చి కట్టడం
తాటాకుల నాటి నుంచీ ఇంతే కదా.
తేడా అల్లా, తాటాకు మీద గంటంతో గీసింది చెరపలేరు.
ఇక్కడ పార్లమెంటు తలుచుకుంటే
పద్దెనిమిదో పేజీ పుట్టనే లేదు.

మా వైపు అంటారు, చట్టం కొందరికి చుట్టమని.
చుట్టమే,
కాని చెప్పాపెట్టకుండా ఇల్లు మారే చుట్టం.
దాని కొత్త అడ్రసు నా సంచిలో ఉంటుంది.

ఎంట్‌విసిల్ గారు ఆర్నెల్లు నన్ను బైండరు ముట్టుకోనివ్వలేదు.
"నాకంతా నోటికొచ్చు" అన్నారు.
ఒకరోజు కోర్టులో లేచి, గొంతు సవరించుకుని,
చచ్చి పదకొండు నెలలైన సెక్షన్ని
ఇంటిపేరుతో సహా పిలిచారట.
జడ్జి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.
ఏమీ అనలేదు. తుడుస్తూనే ఉంది.
ఆ మర్నాటి నుంచి నాకు టీతో పాటు బిస్కట్టు.

ఆ ఏప్రిల్లో వచ్చిన కవరు బరువు తక్కువ.
విడాకుల బైండరు.
తీసేయవలసినవి నలభై, పెట్టవలసినవి పన్నెండు.
అక్రమ సంబంధం, భరించలేని ప్రవర్తన, విడిచిపోవడం,
తప్పు ఎవరిదో తేల్చడానికి
యాభై ఏళ్లుగా పేరుకున్న తీర్పులన్నీ
ఒక్క లాగుతో చేతిలోకి వచ్చేశాయి.
కొత్త పేజీలో ఎవరి తప్పూ అడగరు.
ఇక కుదరదని ఒకరు చెబితే చాలు.
ఇరవై వారాలు ఆగి, మళ్ళీ అడగాలి.

ఒక పాత పేజీ అంచున పెన్సిలు రాత.
హిలరీ ఆర్మరోడ్‌ది. ఆవిడ రిటైరై ఎనిమిదేళ్లు.
'ఆరోపణలు చదివి వినిపించేటప్పుడు కిటికీ వైపు చూడు.
ఆమె మొహంలోకి కాదు.'
ఎవరామె?
నలభై పేజీలూ చెత్త సంచిలో వేసి ముడి వేస్తుంటే
మెట్ల మీద పరుగు. ఇంతియాజ్, కొత్తగా చేరిన కుర్రాడు.
"పాతవి పారేశారా?
ఒక క్లయింటు... ఫిబ్రవరిలోనే పిటిషన్ వేసింది..."
పసుపు కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది, నేనే చూడలేదు:
ఆ తేదీకి ముందు మొదలైనవాటికి పాత చట్టమే.

కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోయిందనుకుంటాం.
కొంత ఆగే ఉంటుంది,
ఎవరో ఒకరి మోకాళ్ల దాకా.

ఇద్దరం నేల మీద కూర్చుని
నలిగిన పేజీలు స్కేలుతో సాపు చేశాం.
పెన్సిలు రాత దగ్గర వాడి చెయ్యి ఆగింది.
చదివాడు. నన్నేమీ అడగలేదు.

నాలుగింటికి ఆవిడ వచ్చింది,
తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే కూర్చుంది.
నేను కోటు బొత్తాలు పెట్టుకుంటూ
గాజు తలుపులోంచి చూశాను.
వాడు గొడుగు అందుకున్నాడు,
కుర్చీ కొంచెం పక్కకి జరిపాడు,
కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు
కిటికీ వైపు తిరిగి.