ఆగు పలక

బడి ముందు కార్లు ఆపడం నా పని.
పొడుగు కర్ర, కొసన గుండ్రటి పలక,
పలక మీద ఒకటే మాట: ఆగు.
పదకొండేళ్ళుగా ఆర్న్‌సైడ్ పిల్లలంతా
నా చెయ్యి పక్కనుంచే రోడ్డు దాటుతున్నారు.
బ్రయొనీ ఫిబ్రవరి నుంచి దాటలేదు.

జబ్బు పేరు ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదు.
ఎముకల లోపల రక్తం పుట్టే చోట
ఏదో పని మానేసిందని మాకు అర్థమైంది.
మిగతాది బిల్లుల భాష.

ఇవాళ మేం దాటుతున్నాం, సముద్రాన్నే.
అది వెనక్కి తగ్గిన సందు చూసుకుని
ఎనిమిది మైళ్ళ తడి ఇసుక మీదుగా అవతలి ఒడ్డుకి.
మైలుకి ఐదు పౌండ్లని కొందరు సంతకం పెట్టారు.
రొట్టెల కొట్టు ఎనిడ్ మాత్రం
"తడిసిన మోకాలికి పది" అని రాసింది,
రెండు మోకాళ్ళకీ వేరువేరుగా.

నేను నా కర్ర తెచ్చుకున్నాను, ఊతకి.
"సముద్రం చదువుకోలేదు, తెలుసుగా" అన్నాడు
దారి చూపే ఆంబ్రోస్ థ్వైట్.
నిన్న వచ్చి లారెల్ కొమ్మలు పాతి వెళ్ళాడు,
ఇక్కడ మొన్నటి దారి ఇవాళ ఉండదు.
పుచ్చకాయ తట్టి చూసే వాడిలా
నాలుగడుగులకోసారి ఇసుకను పొడిచి వింటాడు.
గట్టి నేల మోగుతుందట.
ఊబి ఊరుకుంటుందట.

నూట ఎనభై నాలుగు.
బయల్దేరేటప్పుడు లెక్కపెట్టాడు,
మొదటి కాలువ దాటాక మళ్ళీ,
నది ముందు మళ్ళీ.
ఎందుకిన్ని సార్లని అడిగాను.
"మా నాన్న ఒకసారి లెక్కపెట్టలేదు" అన్నాడు.
ఇంకేమీ అడగలేదు నేను.

జూన్ నెలే, అయినా కెంట్ నీళ్ళు
పిక్కల్ని పళ్ళతో పట్టుకున్నాయి.
పిల్లలు కేకలు, ఎనిడ్ బూతు ఒకటి,
ఎవరిదో పొట్టి కుక్క ఈదుతూ, గర్వంగా.
బ్రయొనీ నాన్న రస్సెల్ నడుమ లోతులో ఆగి
మెడలో వేలాడేసుకున్న పసుప్పచ్చ బూట్లను,
ఆ పిల్ల రబ్బరు బూట్లను,
ఒకటి తర్వాత ఒకటి నీళ్ళలో ముంచి తీశాడు.
నది దాటడమంటే అవీ దాటాలిగా.
అందరం ఇంకెటో చూశాం.

అప్పుడే వంతెన మీద రైలు.
మా ఎనిమిది మైళ్ళూ దానికి పావుగంట కూడా కాదు.
అందులో తల్లి ఇమోజెన్ పక్కన
మాస్కు పెట్టుకుని తను కూచుందని తెలుసు.
ఏ కిటికీయో తెలీదు.
అన్ని కిటికీలకూ చేతులూపాం.
పేపరు చదువుకుంటున్న పెద్దమనిషెవరో
కంగారుగా తిరిగి ఊపాడు.

కెంట్స్ బ్యాంక్ స్టేషన్లో, బెంచీ మీద
ఉన్ని టోపీ కింద రెండు కళ్ళు.
మా బురద కాళ్ళు చూసి ముందు ముక్కు మూసుకుంది.
తర్వాత బూట్లు అడిగింది.
పోయినేడు కొన్నవి.
ఈ పాటికి బిగుసుకుపోవాల్సినవి.
ఇమోజెన్ వంగి, కొట్లో అమ్మలందరూ నొక్కినట్టే
బొటనవేలితో బూటు ముందు భాగం నొక్కి చూసింది.
ఇంకా ఖాళీ ఉంది.
లేచి నిలబడి మా అందరికీ టీ ఎంతెంత చక్కెరో అడిగింది.

డబ్బులు తొమ్మిది వేల చిల్లర.
చాలవు. సెప్టెంబరులో మళ్ళీ నడవాలి.
ఆంబ్రోస్ ఆఖరి లెక్క ముగించి టోపీ తీశాడు.

సాయంత్రం అవతలి ఒడ్డున సైరన్ సన్నగా మోగింది.
పోటు వస్తోంది.
మా అడుగులున్న మేరంతా వెండిరంగు గీత ఒకటి
తొందరేం లేనట్టు తుడుచుకుంటూ వస్తోంది.
"అదిటివ్వు" అంది బ్రయొనీ,
నా కర్ర తీసుకుంది, బరువుకి ఒరిగింది,
రెండు చేతులతో పలకను నీళ్ళకేసి ఎత్తింది.

నీళ్ళు ఆగలేదు.
కానీ కప్పులు చేతబట్టుకుని ప్లాట్‌ఫాం మీద నడుస్తున్న
పాల బండి క్లెమెంట్ ఠక్కున ఆగిపోయాడు,
రోజూ పొద్దున్నే ఆగే అలవాటు కొద్దీ.
వాణ్ణి చూసి ఎనిడ్.
ఎనిడ్ వెనక మేమందరం.
ఆ పిల్ల చేతులు నొప్పిపుట్టి దించేదాకా
ఒక్కరూ కదల్లేదు.