గాలి కారని పెట్టె

డాబాగార్డెన్స్‌లో కొట్టువాడు
అట్టపెట్టె మీద అంకె చూపించి
"పదిహేను వందల వాట్లన్నా, అద్దాలు జాగ్రత్త" అన్నాడు.
తిరగేసి చూశాను.
వెనక, చీమల బారంత అక్షరాల్లో, మూడొందల యాభై.
ముందుది పండగనాటి బలం,
ఇది రోజూ బియ్యం మూట మోసే బలం.
బేరం అక్కణ్ణించి మొదలెట్టాను.

రెండు పదంగుళాలవా, ఒకటే పన్నెండా?
టేపు పట్టుకుని డిక్కీలోకి దూరాను.
స్టెప్నీ గుంత, జాకీ, ఎవరో పాసింజరు మరిచిన గొడుగు,
మల్కాపురం నుంచి మధురవాడ దాకా
కిరాయికి తిరిగిన ఇసుక.
పన్నెండుది ఒకటి చాలు.
రెండు గొంతులకంటే ఒక పొట్ట నయం.

పెట్టెకి కన్నం పెట్టాలా వద్దా అని వారం ఆలోచించాను.
కన్నం ఉంటే మోత సాగుతుంది,
ఊరేగింపు వెళ్ళిపోయినా సందులో మిగిలిపోతుంది.
మూసేస్తే దెబ్బ పడుతుంది, ఆగుతుంది.
నాక్కావలసింది ఆ ఆగడం.

ఎందుకంటే నా ఫోన్లో ఒక ముక్క ఉంది,
రెండు నిమిషాల పదకొండు సెకన్లు.
పెదగంట్యాడలో అమ్మవారి పండగ, ఎవరో తీసి పంపారు.
డోలు వాయిస్తున్నది నేనే.
భుజం జారాక మానేసి స్టీరింగ్ పట్టాను.
ఫోన్లో వింటే రేకుల మీద వడగళ్ళు.
కర్ర దెబ్బ ఉంది,
ఎడమ మూతి ఎక్కడికో పోయింది.

ఈ ఊరి గాలికి మామూలు చెక్క
రెండు వానల్లో అప్పడంలా ఉబ్బుతుంది.
అందుకే ఫిషింగ్ హార్బర్‌కి,
గరికిన ఎల్లాజీ షెడ్డుకి వెళ్ళాను.
పడవలకి వాడగా మిగిలిన ప్లైవుడ్
ఉప్పుచేపల పక్కన ఆరుతోంది.
నా కాగితం చూసి చాలాసేపు బీడీ తిప్పాడు.
"నీళ్ళు లోనికి రాకుండా పడవ సేత్తాను.
గాలి బయటికెళ్ళకుండా నీకు పెట్టె సెయ్యాల.
తిరగేసిన పడవ. అంతేనేటి?"
అంతే.

మూలలకి గుగ్గిలం నూనెలో నూరి పూశాడు.
సిలికాన్ తెచ్చానన్నాను, వినలేదు.
నేను కోను మెల్లగా నొక్కుతుంటే
అగరొత్తి అంచుల వెంట నడిపించాడు.
కుడి కింది మూల దగ్గర పొగ తల తిప్పింది.
మళ్ళీ పూత. మళ్ళీ అగరొత్తి.
పొగ నిటారుగా నిలబడ్డాక
దణ్ణం పెట్టబోయి ఆగాను.

ఎర్ర వైరు సీట్ల కింద పాకింది,
బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు.
నల్లదానికి నేల కావాలి.
డిక్కీ అడుగున రంగు గీకాను,
తెల్లటి ఇనుము తేలేదాకా గీకాను.
రంగు మీద బిగిస్తే పాట రాదు, మూలుగొస్తుంది.
స్టెప్నీ ఇంట్లో మంచం కిందికి చేరింది.
పంక్చరైతే డోలు వింటూ నిలబడాలి.

రాత్రి తొమ్మిది. ఐసు మిల్లు ఆగింది.
ఫోను కలిపాను.
ముందు నంబరు ప్లేటు పళ్ళు కొరికింది,
ఎల్లాజీ మనవడు వెనక ట్యూబు ముక్క దోపాడు.
అప్పుడొచ్చింది ఎడమ మూతి,
చెవులకంటే ముందు మోకాళ్ళకి అందింది.
జెట్టీ మీద పిల్లి చేప వదిలి చూసింది.
జారిన భుజం తనంతట తానే కాస్త లేచింది.

నిమిషం నలభై దగ్గర
ఒక దెబ్బ లేదు.
ఉండాల్సిన చోట గుంత.
ఇన్నేళ్ళూ ఆ వడగళ్ళ కింద దాక్కుంది.
పండగవాళ్ళకి తెలీదు. నాకూ తెలీదు.

ఎల్లాజీ పెట్టె మీద అరచెయ్యి ఆన్చి ఉన్నాడు,
పడవ పక్కని తట్టి చూసేటప్పటి మొహంతో.
"ఇక్కడెక్కడో కారతందిరా" అన్నాడు.
ఇంకో అగరొత్తి వెలిగించాడు,
నాలుగు మూలలూ తిరిగాడు.
పొగ నిటారుగానే ఉంది.

నేనేమీ చెప్పలేదు.
మళ్ళీ మొదట్నించి పెట్టమన్నాడు.
పెట్టాను.